కూర్చోండి గారి సుద్దముక్క

మా బావ పోయిన రోజు వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "అంత నిజాయితీపరుడు మళ్ళీ పుట్టడండీ" అని. బట్టల కొట్టాయనైతే తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ, "సొంత మరదలైనా సరే, న్యాయం తప్పలేదండీ ఆ మనిషి" అని నా ఎదురుగానే అన్నాడు. ఆ మరదలిని నేనేనని ఆయనకు తెలుసో, తెలియదో! నాకు ఒళ్ళు మండిపోయింది. చావింట్లో రభస ఎందుకని నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకేం కొత్త కాదు. కానీ ఇక నా వల్ల కాదు, చెప్పేస్తాను. మంచీ చెడూ రెండూ చెబుతాను.

బావది పాత కుట్టు మిషన్ల వ్యాపారం. కొట్టు ఇరుకు, పొడుగు. రెండు గోడల వెంట కాలు మిషన్లు, పైన అరల్లో చేతి మిషన్లు, ఎక్కడ చెయ్యి పెట్టినా నూనె జిడ్డు. వీధి గుమ్మం దగ్గర వెలుతురులో ఒక బల్ల. వెనక వాకిలికి తెర. తెర దాటితే మా అక్క వంటిల్లు. బేరం మాటలన్నీ అక్కకు వినపడేవి, అక్క గిన్నెల చప్పుడంతా కొనేవాళ్ళకు వినపడేది.

బజారులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ ఆయన "కూర్చోండి" గారే. బేరం కుదిరి, డబ్బు ఇచ్చేసి, కొన్నవాడు మిషను ఎత్తుకోబోతుంటే ఈయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "కూర్చోండి, టీ తాగి వెళ్ళండి" అనేవాడు. మర్యాద కోసం అనుకునేరు! కాదు, టీ అయ్యేదాకా ఆలోచించుకోమని. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నంతసేపూ కొన్నవాడు వద్దనవచ్చు, అమ్మినవాడు ఇవ్వననవచ్చు, ఎవరూ ఎవర్నీ తప్పుపట్టకూడదు. లేచి గడప దాటారా, బేరం ఖాయమైపోయినట్టే.

ఇదంతా ఆయన వయసులో ఉండగా మసీదులో ఒక పెద్దాయన దగ్గర సాయంత్రం పాఠాల్లో నేర్చుకున్నాడు. దాన్ని ఖియార్ అంటారట. కొన్నదాన్ని ఉంచుకోవాలో, వదులుకోవాలో తేల్చుకునే హక్కు. మాట కుదిరితే చాలు, బేరం అయిపోయినట్టే అనే పండితులూ ఉన్నారని, తాను మాత్రం మనుషులు విడిపోయేదాకా గడువిచ్చే వాళ్ళ పక్షమని బావే చెప్పేవాడు. టీతో ఆగేవాడా, అబ్బే! "తీసుకెళ్ళి మూడు రోజులు కుట్టి చూడండి. నచ్చకపోతే తెచ్చెయ్యండి" అని ముందే షరతు పెట్టుకునేవాడు. అమ్మేనాటికే ఉండి, ఎవరికీ కనపడని లోపం తరవాత ఎప్పుడు బయటపడినా వెనక్కి తీసుకునేవాడు. తనకు తెలిసిన లోపాన్ని దాచేవాడే కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. చక్రం వంకరపోయినా, పళ్ళు అరిగినా, లోపం ఉన్నచోటల్లా తెల్లగా సున్నా చుట్టేవాడు.

"కొనడానికి వచ్చినవాణ్ణి కొనొద్దని పంపే షావుకారు లోకంలో ఈయనొక్కడే" అని అక్క తెర వెనక నుంచి సణిగేది.

నేను ఆటపట్టించేదాన్ని. "బావా, మా అక్కను చేసుకున్నప్పుడు కూడా టీ తాగి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకోకుండానా! మీ నాన్న రెండు గ్లాసులు తాగించాడు. అయినా నా మనసు మారలేదు, ఏం చెయ్యను?" అనేవాడు. లోపలి నుంచి గరిటె పట్టుకున్న చెయ్యి తెర బయటికి వచ్చేది.

మా అమ్మ పోయాక నన్ను చేరదీసింది ఆ ఇల్లే. మిషను తొక్కడం నేర్పింది బావే. కాలు అందడం లేదని తొక్కుడు మీద చెక్కముక్క కట్టి మరీ నేర్పాడు. ఆయన చెప్పే ఇంకో నియమం నాకు అప్పట్నుంచే కంఠస్థం. మిషను అప్పగించేటప్పుడు ప్రతి మనిషికీ చెప్పేవాడు. "లోపం కంటపడిందా, ఇక ఒక్క కుట్టు కూడా వెయ్యకండి. నేరుగా నా దగ్గరికి తీసుకురండి. తెలిశాక కుట్టారంటే లోపంతో సహా ఒప్పుకున్నట్టే. అప్పుడిక మీకు హక్కు లేదు."

తరవాత తరవాత బావ మిషన్లను చూడటం మానేసి, వేళ్ళతో తడమడం మొదలుపెట్టాడు. చక్రం చుట్టూ, మెడ కింద, అడుగు పలక మీద, మెల్లగా. "ఏంటి బావా, చంటిపిల్లని నిమిరినట్టు నిమురుతున్నావు?" అన్నాను ఒకసారి.

"చూపు లేనివాడు చేత్తో తడిమి కొన్నా చూసి కొన్నట్టే లెక్క అని రాశారు, తెలుసా?" అన్నాడు. నేను నవ్వేశాను. సుద్ద సున్నాలు తగ్గిపోయాయి. ఈమధ్య కూర్చోండి గారు మంచి సరుకే తెస్తున్నాడు అనుకుంది బజారు.

మా ఆయన పోయాక నా బతుకు నేనే చూసుకోవాలి. పక్క వీధిలో రోడ్డువైపు ఒక గది తీసుకున్నాను. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని దొరికింది. "మొదటి విడత బాగా వస్తే ఏటేటా నీకే ఇస్తాం" అంది బడి పెద్ద మేడమ్. ఇక నా కాళ్ళు నేల మీద లేవు. 'లేడీస్ టైలరింగ్' అని నీలం రంగు బోర్డు రాయించాను. మిషను కోసం గాజులు అమ్మేసి బావ కొట్టుకు వెళ్ళాను.

"మన పిల్లే కదండీ, ఊరికే ఇచ్చెయ్యకూడదూ?" అంది అక్క తెర పక్కకు లాగి.

"ఊరికే ఇస్తే దానమవుతుంది. రేపు బాగోలేదని అడగడానికి దానికి నోరుండదు. కొనుక్కుంటే అడిగే హక్కుంటుంది" అన్నాడు బావ. ఆ మాటకు ఎంత పొంగిపోయానో! నన్ను కూడా అందరు కొనేవాళ్ళతో సమానంగా చూశాడని. నల్లగా నిగనిగలాడే మిషను, మెడ మీద బంగారు రంగు పువ్వుల స్టిక్కరు. బావ తడిమి చూశాడు. ఎక్కడా సున్నా చుట్టలేదు. "కూర్చో, టీ తాగుతూ ఆలోచించుకో" అన్నాడు. "నీ దగ్గర కొనడానికి కూడా ఆలోచనా, బావా?" అని ఒక్క గుక్కలో తాగేసి లేచాను.

మూడు రోజులు గడిచాయి, మూడు వారాలూ గడిచాయి. మిషను బంగారంలా నడిచింది. యూనిఫారాలు సగానికి వచ్చాయి. ఒక మధ్యాహ్నం నూనె మరకలు తుడుస్తుంటే మెడ మీద స్టిక్కరు అంచు లేచింది. గోటితో పీకాను. దాని కింద పుట్టీ పొడిపొడిగా రాలింది. పుట్టీ కింద, మెడ మొదట్లో, వెంట్రుకంత సన్నగా పగులు. మాకు ముందు ఆ మిషను ఎవరిదో, వాడు దాన్ని కింద పడేసి, పూడ్చి, రంగేసి, పువ్వు అంటించి అమ్ముకున్నాడు. పోత ఇనుముకు పగులొస్తే అతుకు నిలవదు. ఆ కొట్లో పెరిగిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బావ నియమం చెవిలో మోగింది. ఇంకో కుట్టు వెయ్యకూడదు. కానీ బడి తెరిచే రోజు ముంచుకొస్తోంది. కత్తిరించిన బట్టలు మంచం నిండా ఉన్నాయి. చేబదులు ఇచ్చే మిషను ఇరుగుపొరుగున ఎవరి దగ్గరా లేదు. ఆగితే పని పోతుంది, కుడితే హక్కు పోతుంది. చాలాసేపు మిషను ముందు అలాగే కూర్చున్నాను. బావే కదా అనుకున్నాను. అర్థం చేసుకుంటాడులే అనుకున్నాను. కుట్టాను. అన్నీ పూర్తిచేసి, బడిలో అప్పగించి, మిషను తల విప్పి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో బావ దగ్గరికి వెళ్ళాను.

నా ఖర్మ కాకపోతే, కొట్టు నిండా జనం. బట్టల కొట్టాయన కోడలికి మిషను కొని, టీ గ్లాసుతో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఇంకో ఇద్దరు. నేను మిషను వాళ్ళ మధ్యే దించి సంగతి చెప్పాను.

"ఎప్పుడు చూశావు?" అన్నాడు బావ. ఎవరొచ్చినా అడిగే ప్రశ్నే.

"బట్టలు సగంలో ఉండగా."

"చూశాక కుట్టావా?"

తెర సందులోంచి అక్క ముఖం కనపడింది. లేదని చెప్పవే అని కళ్ళతోనే బతిమాలుతోంది. ఒక్క అబద్ధం చాలు, మిషను ఆయనది, సొమ్ము నాది. కానీ ఆ బల్ల మీద కూర్చుని పెరిగినదాన్ని. ఆ అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"కుట్టాను బావా. పిల్లలకు బట్టలివ్వాలి కదా. నాకు వేరే మిషను లేదు."

బావ మిషను మెడ తడిమాడు. వేలు పగులు పక్కనుంచే పోయింది. "నాకేం తగలడం లేదే" అన్నాడు, గొంతు తగ్గించి. గుమ్మం వెలుతురు నేరుగా దాని మీదే పడుతోంది. స్టిక్కరు కూడా లేదు. పగులు నల్లగా కనపడుతోంది. ఆయన కళ్ళు మాత్రం జానెడు అవతల ఎక్కడో ఉన్నాయి. ఈయనకు కనపడటం లేదు!

"పగులు ఉందో లేదో తరవాతి మాట. ఉన్నా సరే, తెలిశాక కుట్టావు. నీ హక్కు పోయింది" అన్నాడు.

"వెనక్కి తీసుకోకూడదని ఎక్కడా లేదు కదా బావా? కొని బాధపడేవాడి దగ్గర వెనక్కి తీసుకుంటే పుణ్యమని నువ్వే చెప్పేవాడివి."

"పుణ్యం నా ఇష్టం. హక్కు నీకు లేదు."

"భలే చెప్పారు! సొంత మరదలైనా న్యాయం న్యాయమే" అన్నాడు బట్టల కొట్టాయన. మిగతా ఇద్దరూ తలలు ఊపారు. ఆ మెప్పుకు బావ నడుము నిటారయింది. తడబడుతున్న చేతిని మిషను మీద నుంచి తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

నీకు కళ్ళు కనపడటం లేదు బావా. ఆ ఒక్క మాట నా నాలుక చివరే ఉంది. అంటే అంతే సంగతులు. లోపాలకు సున్నాలు చుట్టే మనిషికి లోపాలే కనపడవని తెలిస్తే ఇక ఆ గుమ్మం ఎవరు ఎక్కుతారు? తెర వెనక మా అక్క ఉంది. ఆ మాట మింగేసి, మిషను ఎత్తుకుని, గడప దాటి వచ్చేశాను.

ఇక మిషను సంగతి. వేగం పెంచితే మెడ వణికేది, కుట్టు తప్పేది. చివర్లో కుట్టిన యూనిఫారాలు మొదటి ఉతుకుకే విడిపోయాయి. మేడమ్ వాటిని మూట కట్టించి పంపింది, ఆ తరవాత పని ఇంకొకరికి ఇచ్చేసింది. రోడ్డువైపు గది వదులుకుని వెనక సందులో ఇంకో గదికి మారాను. కిటికీకి తలుపు లేకపోతే నా నీలం బోర్డునే అడ్డం పెట్టుకున్నాను. వెల్డింగు అతను పగులు మీద ఇనప పట్టీ బిగించి, "మెల్లగా, తిన్నగా మాత్రమే కుట్టమ్మా" అన్నాడు. అప్పట్నుంచి దిండు గలీబులు కుడుతున్నాను. నాలుగు తిన్నటి కుట్లు. ఆ నాలుగు కుట్లతోనే తింటున్నాను.

బావకు మాత్రం కలిసొచ్చింది. మరదలి దగ్గర కూడా మొహమాటపడని షావుకారు అని ఊరంతా చెప్పుకున్నారు. నా కడుపు కొట్టిన కథ విని ఆయన దగ్గరికి కొనడానికి వచ్చేవారు.

అక్క చాటుగా చూడటానికి వచ్చేది. "ఆ రోజు లేదంటే సరిపోయేది కదే. పెద్ద సత్యసంధురాలివి!" అని నన్నే తిట్టింది. అప్పుడు చెప్పాను, బావకు చూపు ఆనడం లేదని.

"నాకు తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

అక్క చీర కొంగుకు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది. "నువ్వు మిషను కొనకముందే. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నీ మిషను మంచిదే అనుకున్నానే, నిజం."

నేను గాజులు అమ్మి కొంటుంటే, చూపు లేని మనిషి తడిమి ఇస్తుంటే, మా అక్క తెర పట్టుకుని చూస్తూ నిలబడింది! దీని ముందు బావ మీద వచ్చిన కోపం కోపమే కాదు. ఆ రోజు అక్కను వెళ్ళిపొమ్మన్నాను. ఆ తరవాత కలిసినా మాటలు పొడిపొడిగానే ఉండేవి.

చాలా కాలానికి, అక్క పోరు పడలేక బావ కళ్ళకు ఆపరేషన్ చేయించుకున్నాడు. పొరలు తీసేశారు, చూపు వచ్చింది. కొన్నాళ్ళకు ఒక పగటిపూట నా గుమ్మంలో నిలబడ్డాడు. కిటికీకి అడ్డం పెట్టిన బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుని, మిషను వైపు వంగాడు. ఇనప పట్టీ కింద నుంచి పైకి పాకిన పగులును ఈసారి కంటితో చూశాడు. జేబులోంచి సుద్దముక్క తీసి దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"దీన్ని నేను చూడలేదమ్మా" అన్నాడు.

"తెలుసు."

"నాకు కనపడటం లేదని తెలుసా? ఎప్పుడు?"

"ఆ రోజే. మీ బట్టల కొట్టాయన భలే భలే అంటున్నప్పుడు."

"మరి అందరి ముందూ అననేలేదే?"

"అంటే నీ కొట్టు మూతపడేది. మా అక్క ఏం తినేది?"

బావ జేబులో చెయ్యి పెట్టాడు. డబ్బు తీసి మంచం మీద పెట్టాడు. "నువ్విచ్చిన సొమ్ము మొత్తం. మిషను నాకిచ్చెయ్."

"నా హక్కు పోయింది కదా బావా. తెలిశాక ఇన్నేళ్ళు కుట్టాను."

"అయితే పాత బేరం వదిలెయ్. ఇది కొత్త బేరం. నువ్వు అమ్మేదానివి, నేను కొనేవాణ్ణి. అదే ధర."

సరే అన్నాను. నిజంగానే అన్నాను. ఆ డబ్బుతో మంచి మిషను వస్తుందని, బోర్డు మళ్ళీ బయటికి తీయవచ్చని అప్పటికప్పుడే లెక్కలు కట్టుకున్నాను. "కూర్చో బావా, టీ తాగి వెళ్ళు" అన్నాను. ఆ మాటకు ఆయన నవ్వాడు. చాలా రోజుల తరవాత ఆయన నవ్వు చూశాను. స్టవ్ మీద టీ పెట్టి, రెండు గ్లాసుల్లో పోసి తెచ్చాను.

సగం తాగి తేలిగ్గా నిట్టూర్చాడు. "హమ్మయ్య. బజారులో నన్ను వేలెత్తి చూపేవాడు ఒక్కడు లేడు. నీదొక్కటే నా గుండెల మీద ఉండిపోయింది. ఇవాళ అదీ దిగిపోయింది."

నాకు ఎక్కడో కాలింది. అంటే, ఇదంతా ఆయన గుండెల బరువు కోసమా! అయినా తమాయించుకుని అడిగాను. "బజారులో చెబుతావా బావా? ఆ బట్టల కొట్టాయన ఎదురుగా, పగులు అప్పటికే ఉందని, నీకే కనపడలేదని?"

బావ గ్లాసులోకి చూశాడు. "ఇప్పుడు అదంతా ఎందుకమ్మా? మనలో మనం తేల్చుకున్నాం కదా."

"టీ అయిపోయిందా?"

"ఇంకా ఉంది."

"అయితే నేను అమ్మను. నా మనసు మారింది."

ఆయన తల ఎత్తి చూశాడు. వాదించడానికి ఏముంది? కూర్చుని ఉన్నంతసేపూ అమ్మినవాడు ఇవ్వననవచ్చు. డబ్బు తీసి జేబులో పెట్టుకున్నాడు, లేచాడు, గడప దాటాడు. సుద్దముక్క మంచం మీదే మరిచిపోయాడు. పిచ్చిదాన్ని, కొత్త మిషను చేతిదాకా వచ్చి పోయిందని ఆ సాయంత్రం ఏడ్చాను. అయినా ఇచ్చేదాన్ని కాదు. నా బతుకు పాడైంది పదిమందిలో, దాన్ని బాగుచేయడం మాత్రం నాలుగు గోడల మధ్యా? సున్నాను నేను తుడవలేదు. నూనె చేతులు తగిలి తగిలి అదే పోయింది.

ఆ ఏడాదే బావ గుండె ఆగి పోయాడు. చివరిదాకా బట్టల కొట్టాయనకు చెప్పలేదు.

చావుకు వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక నేనూ అక్కా ఆ బల్ల మీదే మిగిలాం. చుట్టూ మిషన్లు. పక్కింటావిడ టీ పంపింది. ఇద్దరం గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం.

"ఆ రోజు నువ్వు సరే అని ఉంటే ఏం పోయేదే? నెమ్మదిగా కళ్ళు మూసేవాడు" అంది అక్క. "నీ ఇంటి నుంచి వచ్చాక నిద్రే పట్టలేదు ఆయనకు."

"నెమ్మది కోసమే వచ్చాడక్కా, నా కోసం కాదు. పోనీ నువ్వు చెప్పు, ఇప్పుడైనా. బట్టల కొట్టాయన వీధి చివరే ఉంటాడు. మా ఆయనకు అప్పుడు చూపు లేదు, తప్పు మాదే అని ఒక్క మాట చెప్పు."

"పోయినవాడి మీదా! పోయినవాడి పరువు తీయమంటావా?"

"మరి నాది?"

అక్క గ్లాసు కింద పెట్టింది. టీ సగం అలాగే ఉంది. లేచి, తెర పక్కకు లాగి లోపలికి వెళ్ళిపోయింది.

నాకు ఆ ఇంట్లో పెరిగిన బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒకరు లేచి వెళ్ళాక ఇక మాట మార్చుకోవడానికి లేదు. తెలుసు. అయినా నా టీ చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను, ఒకవేళ వస్తుందేమోనని. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది. అక్క రాలేదు.